ఆర్కిటిక్‌లో టెంటు వేయాలంటే ముందు తడి సంగతి చూడండి

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం, స్టాక్‌హోంలో ఉద్యోగాలు. జనవరి ఆఖరి వారంలో స్వీడన్ ఉత్తరాన కుంగ్స్‌లేదెన్ బాట మీద అబిస్కో నుంచి నిక్కలుఒక్తా దాకా ఆరు రోజులు టెంటు వేసుకుంటూ వెళ్లాలని ఉంది. లడఖ్‌లో వేసవి ట్రెక్కింగ్ రెండుసార్లు చేశాం. మైనస్ 10 అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగులు, ఒక గ్యాస్ స్టవ్ ఉన్నాయి. ఇద్దరం శాకాహారులం. ఇంకా ఏమేం కొనాలి? తిండి ఎంత పట్టుకెళ్లాలి? మంచి జాకెట్‌కి ఎంత ఖర్చు పెట్టొచ్చు?

జవాబు: జాకెట్ సంగతి చివర్లో చెబుతాం. దానికంటే ముందు తేలాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది తేదీ. దాన్ని మార్చుకోండి.

అబిస్కో 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మొదట్లో మునిగిన సూర్యుడు మళ్లీ జనవరిలోనే కనిపిస్తాడు. నెలాఖరుకి కూడా పగలు ఐదారు గంటలకు మించదు. అబిస్కో నుంచి నిక్కలుఒక్తా సుమారు 105 కి.మీ. ఆరు రోజులకు పంచితే రోజుకు 17 కి.మీ. పైనే. సామాను పల్కా మీద, అంటే నడుముకు కట్టుకుని లాగే స్లెడ్జి మీద వేసుకుని, స్కీల మీద కొత్తగా నిలబడుతున్నవాళ్లు గంటకు రెండు రెండున్నర కిలోమీటర్లు వెళ్తే గొప్ప. అంటే ఏడెనిమిది గంటల నడక, గంటన్నర టెంటు పని, రెండు మూడు గంటలు నీళ్ల కోసం మంచు కరిగించడం. ఇందులో సగం చీకట్లో చేయాలి. పైగా ఈ దారిలో స్వీడిష్ టూరిస్ట్ అసోసియేషన్ నడిపే హట్‌లు చలికాలపు సీజన్‌కి ఫిబ్రవరి రెండో సగంలో గానీ తెరుచుకోవు. అంతకుముందు తాళం వేయని అత్యవసర గది ఒకటి ఉంటుంది తప్ప, వార్డెన్ ఉండరు.

మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు పెట్టుకోండి. పగలు పన్నెండు గంటలు దాటుతుంది, మంచు గట్టిపడి ఉంటుంది, హట్‌లలో మనుషులుంటారు. చలి మాత్రం తక్కువేం కాదు. రాత్రిళ్లు మైనస్ 25కి దిగడం మార్చిలో కూడా మామూలే.

ఇంకో మాట కూడా గట్టిగానే చెప్పాలి. మొదటిసారే 105 కి.మీ. వద్దు. రైలు దిగిన రోజు రాత్రి అబిస్కో టూరిస్ట్ స్టేషన్ దగ్గరే టెంటు వేయండి. ఏదైనా మర్చిపోయినా, విరిగినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా నాలుగు అడుగుల్లో వేడి గది ఉంటుంది. రెండో రోజు అబిస్కోయౌరె హట్ దాకా 15 కి.మీ. మూడో రోజు టెంటు అక్కడే ఉంచి, తేలిక సంచులతో అలెస్‌యౌరె వైపు పోగలిగినంత దూరం పోయి వెనక్కి. నాలుగో రోజు అబిస్కోకి తిరుగు ప్రయాణం. మూడు రాత్రులు చాలు. అబిస్కో జాతీయ వనం లోపల టెంటు గుర్తించిన చోట్లలోనే వేయాలి కాబట్టి బయల్దేరే ముందు అక్కడి నాతురుమ్ సమాచార కేంద్రంలో అడిగి తెలుసుకోండి. హట్ పక్కన టెంటు వేసుకున్నవాళ్లు కొంత రుసుము కట్టి వంటగది వాడుకోవచ్చు. కానీ మొదటి రాత్రి వాడకండి. మీ స్టవ్, మీ టెంటు మీకెంత లొంగాయో తెలియాలి. ఇది సాఫీగా జరిగితే వచ్చే ఏడాది చెక్చా కనుమ దాటి సాల్కా, సింగి, కెబ్నెకైసె మీదుగా నిక్కలుఒక్తా చేరొచ్చు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నిండా చలి భయం కనిపిస్తోంది. చలి మొదటి రోజు ఎంతో నాలుగో రోజూ అంతే. మారేది మీ ఒంటి మీది బట్టలు, మీ స్లీపింగ్ బ్యాగు. వాటిలోకి కొద్దికొద్దిగా తడి చేరుతుంది. మైనస్ 20లో ఆ తడి ఆరదు, గడ్డకడుతుంది. మొదటి రాత్రి వెచ్చగా పడుకున్నవాళ్లు మూడో రాత్రి అదే బ్యాగులో వణికేది అందుకే. కాబట్టి ఏ వస్తువు కొన్నా, ఏ పని చేసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి? చెమట, ఊపిరి, వంట ఆవిరి, బూట్లతో లోపలికి తెచ్చిన మంచు: దారులు ఈ నాలుగే.

ఈ నేల ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజలది. వాళ్లు రెయిన్‌డీర్ తోలు బూట్లలో సాక్సులకు బదులు ఎండబెట్టిన గడ్డి మెత్తగా చేసి కూరేవారు. పాదం చెమటను గడ్డి పీల్చుకుంటుంది. రాత్రి దాన్ని తీసి ఆరబెట్టి పొద్దున మళ్లీ కూరతారు. బూటు వెచ్చగా ఉండటం కన్నా, రోజూ పొడి చేసుకునే వీలుండటం ముఖ్యమని వాళ్లకు తరాలుగా తెలుసు. మీరు గడ్డి వెతుక్కోనక్కర్లేదు గానీ ఆ పద్ధతి పట్టుకోండి.

నడకతో మొదలుపెడదాం. పల్కా లాగుతుంటే ఒళ్లు పొయ్యిలా వేడెక్కుతుంది. అందుకే బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుండాలి. హాయిగా వెచ్చగా బయల్దేరితే పది నిమిషాల్లో వీపు తడుస్తుంది. ఒంటికి అంటుకునేది పల్చటి ఉన్ని బనియన్, ఉన్ని ప్యాంటు. దానిపైన గాలి ఆడే తేలికపాటి ఫ్లీస్ గానీ ఉన్ని స్వెట్టర్ గానీ. అన్నిటికీ పైన గాలిని ఆపే పల్చని జాకెట్, ప్యాంటు. నడుస్తున్నప్పుడు చాలాసార్లు ఈ మూడే చాలు. నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు, లోదుస్తులతో సహా. నూలు నీళ్లు పీల్చుకుని వదలదు. ఈకల దూది నింపిన జాకెట్, అంటే డౌన్ జాకెట్, పల్కా మీద అన్నిటికన్నా పైన ఉండాలి. యాభై నిమిషాలు నడిచి ఆగిన క్షణంలోనే, చలేసే దాకా చూడకుండా, ఉన్న బట్టల మీదే తొడుక్కోండి. మళ్లీ కదిలేటప్పుడు విప్పేయండి. విప్పాలంటే మనసు రాదు. అయినా విప్పాలి. ముందు వెళ్లేవాళ్లు తమ వేగంతో కాకుండా, గుంపులో అందరికన్నా ముందు చెమట పట్టే మనిషి వేగంతో నడవాలి.

పాదాలకు బూట్లు మామూలు కొలత కన్నా ఒకటి, ఒకటిన్నర నంబర్లు పెద్దవి తీసుకోండి. రెండు జతల సాక్సులు వేసుకున్నాక కూడా వేళ్లు ఆడాలి. బిగుతు బూటులో మూడు జతలు వేస్తే రక్తం ఆడక ఒక్క జత కన్నా ఎక్కువ చలేస్తుంది. లోపలి పొర బయటికి తీయగలిగే బూట్లయితే మేలు. పల్చటి సాక్సు, దానిపైన ప్లాస్టిక్ సంచి, దానిపైన మందపాటి ఉన్ని సాక్సు వేయడం పాత ఉపాయం. చెమట సంచి లోపలే ఉండిపోతుంది, మందపాటి సాక్సు, బూటు పొడిగా ఉంటాయి. రాత్రి తడిసిన పల్చటి సాక్సు మార్చి, పాదాలు తుడిచి ఆరనివ్వాలి. ఇంకో మందపాటి జత రాత్రికి మాత్రమే. ఆ జతతో టెంటు బయట ఒక్క అడుగు కూడా వేయొద్దు. బూటు లోపలి పొరను ఒక సంచిలో వేసి స్లీపింగ్ బ్యాగు లోపలే పెట్టుకోండి. బయట వదిలేస్తే తెల్లారేసరికి అట్టముక్కలా బిగుసుకుపోతుంది. దాన్ని కాలి వేడితో కరిగించడమంటే పొద్దున్నే పాదాన్ని ఐసుగడ్డలో పెట్టినట్టే.

మీ స్లీపింగ్ బ్యాగుల మీద మైనస్ 10 అని ఉందన్నారు. లేబుల్ మళ్లీ చూడండి. మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. మూడోది ప్రాణం నిలబడే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. లెక్కలోకి తీసుకోవాల్సింది కంఫర్ట్ ఒక్కటే. మైనస్ 10 అన్నది మీ బ్యాగుల కంఫర్ట్ అంకె అయితే వాటిని పారేయక్కర్లేదు. వాటిపైన కంఫర్ట్ సున్నా దగ్గరుండే సింథటిక్ బ్యాగు ఒకటి తొడగండి. రెండూ కలిస్తే సుమారు మైనస్ 20 దాకా వస్తాయి. బయటి బ్యాగు కాస్త వదులుగా ఉండాలి. బిగిస్తే లోపలి దూది నలిగి వేడి నిలవదు. ఈ ఏర్పాటులో ఇంకో లాభం ఉంది. నిద్రలో ఒంటి నుంచి, ఊపిరి నుంచి కలిపి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా పోతుంది. ఒంటి ఆవిరి బ్యాగు బయటి పొరలో చల్లబడి మంచవుతుంది. ఆ బయటి పొర సింథటిక్ అయితే తడి అక్కడ చేరుతుంది, ఈకల దూది పొడిగా మిగులుతుంది. ముక్కు, నోరు మాత్రం ఎంత చలేసినా బ్యాగు బయటే. తల లోపలికి లాక్కుని ఊపిరి వదిలితే ఒక్క రాత్రిలోనే మెడ దగ్గర దూది ఉండలు కడుతుంది. మూతికి మఫ్లర్ లాంటి ఉన్ని గుడ్డ చుట్టుకోండి. పొద్దున లేవగానే బ్యాగు ఇంకా వేడిగా ఉండగా కాళ్ల వైపు నుంచి చుడుతూ లోపలి తేమ గాలిని బయటికి తోసేయండి. ఎండ ఉంటే తిరగేసి పల్కా మీద పరచండి. మైనస్ 15లో కూడా ఎండకూ గాలికీ మంచు నేరుగా ఆవిరైపోతుంది.

కింద వేసుకునే పరుపు బ్యాగు కన్నా ముఖ్యం. అది నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్ విలువ అని ఒక అంకె ఉంటుంది. రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడతాయి. కింద ఆర్ 2 ఉండే ఫోమ్ చాప, పైన ఆర్ 5కి తగ్గని గాలి పరుపు. మొత్తం 7 ఉండాలి. గాలి పరుపు పంక్చరైనా ఫోమ్ చాప మిగులుతుంది. పరుపును నోటితో ఊదకండి. ఊపిరిలోని తేమ లోపల గడ్డకట్టి పొరలను పాడుచేస్తుంది. దానితో వచ్చే పంపు సంచి వాడండి.

టెంటు చలికాలానికి చేసిందే కావాలి. టన్నెల్ రకమైనా గోపురం రకమైనా సరే. ముందు స్కీలతో నేలను తొక్కి చదును చేసి ఇరవై, ముప్పై నిమిషాలు వదిలేయండి. తొక్కిన మంచు ఆ సమయంలో సిమెంటులా పట్టేస్తుంది. తొందరపడి పడుకుంటే రాత్రంతా మోకాలి కింద గుంటలే. టెంటును సంచిలోంచి పూర్తిగా తీయకముందే గాలి వచ్చే వైపు కొసను స్కీకి కట్టి పాతేయండి. తీశాక కడదామనుకుంటే చేతిలోంచి ఎగిరిపోతుంది, మళ్లీ దొరకదు. మామూలు మేకులు పొడి మంచులో నిలవవు. స్కీలు, కర్రలు, మంచు నింపిన గుడ్డ సంచులు అడ్డంగా పాతి తొక్కండి. వసారాలో, అంటే టెంటు ముందు భాగంలో, మోకాలి లోతు గుంట తవ్వండి. చల్లగాలి అందులోకి దిగుతుంది, కాళ్లు వేలాడేసి కూర్చోవచ్చు, బూట్లు విప్పడం తేలిక. ఇద్దరికొక ఇనుప పార ఉండాలి. ప్రతి జిప్పుకూ నాలుగు వేళ్ల పొడవు తాడు ముందే ఇంట్లో కట్టుకోండి, చేతి తొడుగులతోనే లాగొచ్చు. తలా ఒక చిన్న బ్రష్ కూడా పెట్టుకోండి. లోపలికి వచ్చే ముందు బూట్లు, బట్టల మీది మంచు దులుపుకోవడానికి, పొద్దున లోపలి గుడ్డ మీద పేరుకున్న ఊపిరి మంచును అది కరిగి బ్యాగుల మీద రాలకముందే ఊడ్చేయడానికి. సామానులో చవకైనది అదే, రోజూ ఎక్కువ పనికొచ్చేదీ అదే.

ఇక స్టవ్. మీ గ్యాస్ స్టవ్ ఇంట్లోనే వదిలేయండి. మామూలు డబ్బాలోని బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా వస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది గానీ చలికాలపు డబ్బాల్లో దాని వంతు కొంతే. ముందు అదే కాలిపోతుంది, సగం డబ్బా చేతిలో బరువుగానే ఉంటుంది, మంట మాత్రం దీపంలా కునుకుతుంది. మీకు కావాల్సింది పంపు కొట్టే ద్రవ ఇంధనం స్టవ్, అందులోకి శుద్ధి చేసిన పెట్రోలు. స్వీడన్‌లో దాన్ని కెమిస్క్ట్ రెన్ బెన్సిన్ అని అడిగితే ఇస్తారు. నలుగురికి రెండు స్టవ్‌లు. ఒకటి మొరాయిస్తే రెండోది ప్రాణాధారం, ఎందుకంటే అక్కడ స్టవ్ లేకపోతే తాగడానికి నీళ్లు లేనట్టే.

ఇంధనం లెక్క ఇలా వేస్తారు. ఒక కిలో మంచు కరగడానికి పట్టే వేడితో ఒక లీటరు నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. అంటే మైనస్ 20లోని మంచును మరిగే నీళ్లు చేయడానికి, చల్లటి నీళ్లను మరిగించడానికి పట్టే దానికి దాదాపు రెట్టింపు ఇంధనం పడుతుంది. మనిషికి రోజుకు తాగడానికీ వంటకూ నాలుగు లీటర్లు. దానికి సుమారు 200 మి.లీ. ఇంధనం. నలుగురికి నాలుగు రోజులకు 3.2 లీటర్లు, తుపాను వచ్చి ఆగిపోతే పనికొచ్చేలా ఇంకో రోజుది కలిపి నాలుగు లీటర్లు. విమానంలో వెళ్తే ఇంధనం తీసుకెళ్లనివ్వరు, వాసన మిగిలిన సీసాను కూడా ఆపేస్తారు. దారిలో వచ్చే పట్టణం కిరునాలో గానీ అబిస్కోలో గానీ దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మంచు కరిగించడం చూడటానికి తేలిక. ఖాళీ గిన్నెలో పొడి మంచు దట్టంగా నింపి మంట మీద పెడితే, అడుగున కరిగిన నీటిని పై మంచు స్పంజిలా పీల్చేసుకుంటుంది. అడుగు పొడిగా మిగిలి మాడుతుంది. నీళ్లకు రోజంతా వదలని మాడు వాసన పడుతుంది, పల్చటి గిన్నె అయితే చిల్లే పడుతుంది. అందుకే ఫ్లాస్కులో ఎప్పుడూ ఒక గ్లాసు నీళ్లు మిగుల్చుకోండి. ముందు ఆ నీళ్లు గిన్నెలో పోసి, వేడెక్కాక గుప్పెడు గుప్పెడుగా మంచు వేస్తూ కలపండి. ఎలాంటి మంచన్నది కూడా ముఖ్యమే. కొత్తగా కురిసినది పదీ ఇరవై లీటర్లు వేస్తే లీటరు నీళ్లొస్తాయి. గాలికి గట్టిపడినదైతే మూడు లీటర్లు చాలు. ఇంకా కిందికి తవ్వితే పంచదార పలుకుల్లాంటి మంచు తగులుతుంది, అది ఇంకా మంచిది. టెంటు వేసేటప్పుడే పెద్ద సంచి నిండా అలాంటిది తవ్వి వసారాలో పెట్టుకుంటే రాత్రి బయటికి వెళ్లే పని ఉండదు.

స్టవ్ కింద ముప్పై సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ పలక వేయండి. లేకపోతే వేడికి మంచు కరిగి స్టవ్ ఒరిగిపోతుంది. వెలిగించేటప్పుడు ముందు మంట మోకాలెత్తు లేస్తుంది కాబట్టి అది తగ్గేదాకా స్టవ్‌ను టెంటు గుడ్డకు దూరంగా, తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి. పడుకునే గదిలో ఎప్పుడూ వెలిగించొద్దు. వసారాలో వండేటప్పుడు కూడా పైన ఒక కంత, కింద ఒక కంత తెరిచే ఉండాలి. గాలికి మంచు ఎగిరొచ్చి టెంటు అంచులను మూసేస్తుంటుంది. అప్పుడు లోపల కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం అని ఎవరన్నా సరే, ఆకలి వల్లేమోలే అనుకోకుండా స్టవ్ ఆపి అందరూ బయటికి వచ్చేయండి. పెట్రోలు పోసేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. మైనస్ 25లో పెట్రోలు గడ్డకట్టదు, ద్రవంగానే మైనస్ 25లో ఉంటుంది. వేళ్ల మీద ఒలికితే అక్కడికక్కడే చర్మం గడ్డకట్టేస్తుంది. పంపును రాత్రి బ్యాగులో పెట్టుకోండి. దాని రబ్బరు రింగులు చలికి బిగుసుకుని ఇంధనం కారనిస్తాయి. రెండు రింగులు అదనంగా ఉంచుకోండి.

తలా ఒక లీటరు ఫ్లాస్కు, ఒక వెడల్పు మూతి సీసా. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మూత తెరుచుకుంటుంది. గొట్టంతో పీల్చే నీళ్ల సంచులు అరగంటలో పనికిరాకుండా పోతాయి. పడుకునే ముందు మరిగే నీళ్లు సీసాలో పోసి, మూత రెండుసార్లు చూసి, సాక్సులో దూర్చి బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. రాత్రంతా వెచ్చదనం, పొద్దున తాగడానికి నీళ్లు.

తిండి దగ్గర మీ ఇద్దరికీ ఇబ్బంది లేదు, మన వంటింట్లోనే సగం సరంజామా ఉంది. మనిషికి రోజుకు 4,000 నుంచి 4,500 కేలరీలు కావాలి. పొడి సరుకుగా ఇది కిలోకు కొంచెం తక్కువ ఉంటుంది. బరువు పెరగకుండా ఆ అంకె చేరాలంటే నెయ్యి తప్పదు: వంద గ్రాములకు 900 కేలరీలు. పొద్దున ఉప్మా. ఇంట్లోనే 100 గ్రాముల రవ్వ, 30 గ్రాముల నెయ్యి, పోపు, జీడిపప్పు, ఎండు కరివేపాకు, ఉప్పు కలిపి వేయించి ఒక్కొక్కరికి ఒక్కో పొట్లం కట్టుకుంటే, అక్కడ మూడు వందల మి.లీ. మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే చాలు. 700 కేలరీలు. రాత్రికి అటుకులు, కందిపొడి, నెయ్యి. అటుకులకు ఉడికించే పని లేదు, కందిపొడిలో పప్పు ముందే వేగి ఉంటుంది. పచ్చి కందిపప్పు, బియ్యం మాత్రం వద్దు. అవి ఉడికేలోపు ఒక రోజు ఇంధనం అయిపోతుంది. పొడులు, పచ్చళ్లలో ఉప్పు తగ్గించుకోండి. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహమైతే ఇంకో గిన్నె మంచు.

దారిలో గంటకోసారి తినడానికి సున్నుండలు చాలా మంచివి: మినుములు, బెల్లం, నెయ్యి. కానీ మైనస్ 20లో నెయ్యి రాయవుతుంది. మామూలు సైజు ఉండను కొరికితే పన్ను విరుగుతుంది. గోలీ అంత చిన్నవి చేసుకుని నోట్లో వేసుకుని కరగనివ్వండి. పల్లీ పట్టీలు కూడా ఇంట్లోనే చిన్న ముక్కలు కొట్టుకోండి. రోజుకు మనిషికి 250 గ్రాముల చొప్పున పొట్లం కట్టి లోపలి జేబులో పెట్టుకోండి. నిద్రకు ముందు ఒక చెంచా నెయ్యి వేడి పాలపొడి నీళ్లలో తాగితే రాత్రి ఒంటికి ఇంధనం ఉంటుంది.

చేతులకు పల్చటి ఉన్ని గ్లవ్స్, పైన ఉన్ని మిట్టెన్ (బొటనవేలు తప్ప వేళ్లన్నీ ఒకే అరలో ఉండే తొడుగు), దానిపైన గాలి ఆపే తొడుగు. తొడుగులను తాడుతో మెడకో మణికట్టుకో కట్టుకోండి. గాలికి ఒక్క తొడుగు కొట్టుకుపోతే కొన్ని నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి, ఆపైన జిప్పు కూడా లాగలేరు. నలుగురికీ కలిపి అదనంగా రెండు జతలుండాలి. మైనస్ 15లో సెకనుకు 15 మీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 29లా తగులుతుంది. అరగంటకోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోండి: ముక్కు కొన, చెంపలు, చెవులు. చర్మం గడ్డకట్టడం మొదలైతే తెల్లటి మచ్చ కనిపిస్తుందని చదివే ఉంటారు. అది తెల్లవాళ్ల చర్మం చూసి రాసింది. మన రంగు మీద అది బూడిద రంగులోనో పాలిపోయిన పసుపులోనో ఉంటుంది, ఎర్రటి మఫ్లర్ పక్కన అసలు తెలియదు కూడా. అందుకే చూసి వదిలేయకుండా వేలితో తాకండి. మైనంలా గట్టిగా ఉంటే, స్పర్శ తెలియకపోతే అదే. వెచ్చటి అరచేతిని ఊరికే ఆనించి ఉంచండి. రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు. వేళ్లు లోతుగా గడ్డకట్టి, మళ్లీ చలిలోకి వెళ్లాల్సి ఉంటే కరిగించే ప్రయత్నం చేయకండి. కరిగిన వేలు రెండోసారి గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. హట్‌కి చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో పెట్టాలి.

ఒళ్లంతా చల్లబడిపోతున్న మనిషి తనకేం కాలేదనే అంటారు. మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది, బొత్తాం పెట్టుకోలేరు. వణుకు ఆగిపోతే తేరుకున్నారని కాదు, పరిస్థితి ముదిరిందని అర్థం. వెంటనే టెంటు, పొడి బట్టలు, స్లీపింగ్ బ్యాగు. స్పృహ బాగుంటే తీపి కలిపిన వేడి నీళ్లు. సాయానికి 112.

ఫోన్ మాట. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి. ఫోన్, పవర్ బ్యాంకు బనియన్ పక్కన ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పాడవుతుంది. తల దీపానికి లిథియం సెల్స్ వాడండి. బాటకు కర్రల మీద ఎర్రటి ఇంటూ గుర్తులుంటాయి, సరస్సుల మీద కూడా వాటినే పట్టుకుని వెళ్లండి. వాగులు సరస్సులో కలిసే చోట, బయటికి పోయే చోట మంచు పల్చగా ఉంటుంది. స్వీడన్ వాతావరణ సంస్థ ఎస్.ఎం.హెచ్.ఐ. ఇచ్చే కొండ ప్రాంతపు సూచన, స్వీడన్ పర్యావరణ సంస్థ ఇచ్చే మంచు చరియల ప్రమాద సూచన రెండూ రోజూ చూడండి. గాలి సెకనుకు పది మీటర్లు దాటి మంచు కూడా కురుస్తుందంటే ఆ రోజు కదలకండి, మీ ఇంధనంలో అదనపు రోజు అందుకే ఉంది. రెయిన్‌డీర్ మందలు కనిపిస్తే ఆగి, అవి పోయాక కదలండి. చలికాలం చివర్లో వాటికి పరిగెత్తే సత్తువ ఉండదు. అవి సామీ కుటుంబాల జీవనాధారం.

ఇప్పుడు జాకెట్. పరుపులు, బయటి స్లీపింగ్ బ్యాగు, స్టవ్, బూట్లు, ఈ వరుసలో కొన్నాక మిగిలిన డబ్బు దానికి. అన్ని బట్టల మీదా పట్టేంత వదులుగా, తలకప్పు ఉండి, తుంటి దాకా వస్తే చాలు. బ్రాండు చూడక్కర్లేదు. స్కీలు, స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పు చట్రాలు) అద్దెకు తీసుకోండి, అబిస్కోలోనే ఇస్తారు, ముందే రిజర్వ్ చేసుకోండి. స్కీలు అలవాటు లేనివాళ్లు స్నోషూలతో వెళ్లడం నామోషీ కాదు.

బయల్దేరే లోపు స్టాక్‌హోం దగ్గరే కనీసం రెండు రాత్రులు బయట పడుకోండి, అందులో ఒకటి మీకు దొరికిన అతి చల్లటి రాత్రి కావాలి. చీకట్లో, మిట్టెన్లు తీయకుండా టెంటు వేయండి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఇరవై దాటితే ఇంకోసారి. తర్వాత ఇంధనం కొలిచి పోసి నాలుగు లీటర్ల నీళ్లు మంచు నుంచి చేయండి, ఎంత మిగిలిందో కొలవండి. ఆ రెండు అంకెలు, మీ స్లీపింగ్ బ్యాగుల మీది మూడు అంకెలు మాకు రాసి పంపితే, మార్చికి మీకు ఎంత ఇంధనం కావాలో, ఎలాంటి బయటి బ్యాగు కొనాలో మీ సామానుకు సరిపోయేలా లెక్కేసి చెబుతాం.